నిప్పు లేని పొయ్యి

పొయ్యి అనగానే నిప్పు జ్ఞప్తికి వచ్చును. కట్టెల పొయ్యి, బొగ్గుల కుంపటి, కిరసనాయిలు స్టౌ, గ్యాసు పొయ్యి — ఏదైనను మండుట ఒకచోట, వండుట మరియొకచోట. మంటలో పుట్టిన వేడిమి గాలిలో పయనించి గిన్నె అడుగును చేరవలెను. ఆ దారిలో కొంత వంటవారి ముఖమునకును, కొంత వంటయింటి గోడలకును పోవుచుండును. ఎర్రగా కాలు తీగచుట్ట గల విద్యుత్ కుంపటిలో మంట లేకున్నను పద్ధతి మాత్రము అదియే: ముందు తీగ కాలును, పిదప గిన్నె కాలును.

ఇండక్షను పొయ్యిలో పొయ్యి కాలదు, గిన్నెయే కాలును. వేడిమి బయటినుండి గిన్నెకు రాదు. గిన్నె అడుగునందలి లోహములోనే పుట్టును. పొయ్యి పైపలక వెచ్చబడునది తనపై నున్న గిన్నె వేడిమి వలననే కాని వేరు కాదు.

1950 దశాబ్ది నడుమ అమెరికాలో జనరల్ మోటార్సు సంస్థ ఊరూర నడిపిన ప్రదర్శనలో, ఆ సంస్థకు చెందిన ఫ్రిజిడేర్ విభాగమువారు దీనిని జనులకు చూపిరి. పొయ్యిపై వార్తాపత్రిక పరచి, దానిపై నీళ్లగిన్నె పెట్టిరి. మీట నొక్కగా నీరు కాగినది. కాగితము మాత్రము అంటుకొనలేదు. చూచినవారిలో కొందరికైనను అది గారడీయని తోచియుండును. కాని ఇందు మాయ లేదు. కాగితము విద్యుద్వాహకము కాదు కనుక దానియందు వేడిమి పుట్టదు. దానిని తాకిన గిన్నె అడుగు నీరు మరుగు వేడిమికి కొంచెము మాత్రమే ఎక్కువగా నుండును. కాగితము అంటుకొనుటకు 200 సెంటీగ్రేడు డిగ్రీలకు పైబడిన వేడిమి కావలెను.

ఇంత వింతగొలిపిన ఆ పొయ్యి అంగడికి రానేలేదు. దానికి ఆధారమైన సూత్రము తెలిసి అప్పటికే 120 సంవత్సరములు దాటినది. సూత్రము తెలిసియు ఇంతకాలము వంటయింటికి రాకుండుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానము భౌతికశాస్త్రములో కొంత, బజారులో కొంత, ఇంటి గోడలోని తీగలలో కొంత ఉన్నది.

1831 ఆగస్టు 29వ తేదీన లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో మైకేల్ ఫారడే ఒక ఇనుప కడియముపై ప్రయోగము చేసెను. కడియము అడ్డుకొలత 6 అంగుళములు. దానికి ఒక ప్రక్క ఒక రాగి తీగచుట్ట, రెండవ ప్రక్క మరియొక చుట్ట. ఈ రెంటికిని తీగ సంబంధ మేమియు లేదు. మొదటి చుట్టను బ్యాటరీకి తగిలించిన క్షణమున రెండవ చుట్టకు చేర్చిన అయస్కాంత సూచి కదలెను. ప్రవాహము నిలకడగా నున్నంతసేపు సూచి ఊరకుండెను. బ్యాటరీని విడదీసిన క్షణమున మరల కదలెను, ఈసారి ఎదురు దిక్కునకు. అయస్కాంత క్షేత్రము ఉన్నంత మాత్రమున లాభము లేదు, అది మారవలెను. మారునపుడే ప్రక్కనున్న వాహకములో విద్యుత్తు పుట్టును. ఇదియే విద్యుదయస్కాంత ప్రేరణ. ఇండక్షను అను మాటకు అర్థము ప్రేరణయే.

ఫారడే వాడినది తీగచుట్ట. తీగకు బదులు దళసరి లోహపు రేకును పెట్టినచో ప్రేరిత విద్యుత్తు ఏ దారిని పోవును? దారి చూపు తీగ లేదు కనుక అది రేకులోనే గుండ్రముగా, ఏటి నీటిలోని సుడులవలె తిరుగును. వీనికి సుడి ప్రవాహములని పేరు. వీని ప్రభావమును ఫ్రాన్సు దేశీయుడు అరాగో 1824లోనే చూచెను: తిరుగుచున్న రాగి పళ్లెముపై అయస్కాంత సూచిని వ్రేలాడదీయగా, రాగి అయస్కాంతము కాకున్నను, సూచి దానితో పాటు తిరుగ నారంభించెను. కారణము మాత్రము అతనికి బోధపడలేదు. ఫారడే సూత్రము వచ్చిన పిదపనే ఆ చిక్కు విడినది. ఫూకో అను మరియొక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1855లో రాగి పళ్లెమును బలమైన అయస్కాంత ధ్రువముల నడుమ త్రిప్పి, త్రిప్పుటకు పడిన శ్రమ పళ్లెములో వేడిమిగా తేలుటను చూపెను. ఫ్రాన్సులో నేటికిని సుడి ప్రవాహములను అతని పేరనే పిలుతురు.

వంటయింటికి ఇంతకన్న దగ్గరి ప్రయోగ మొకటి 1843లో జరిగినది. దానిని పాఠ్యపుస్తకములు వేరొక ప్రకరణమున చెప్పుటచే ఇండక్షను పొయ్యితో దానికి గల చుట్టరికము విద్యార్థుల దృష్టికి రాదు. జేమ్స్ జూల్ మాంచెస్టరు ప్రాంతమున బీరు కాచు వ్యాపారుల కుటుంబములో పుట్టినవాడు. వేడిమిని జాగ్రత్తగా కొలుచుట అతనికి అలవాటు. వేడిమి ఒక ద్రవమువంటి పదార్థమనియు, అది పుట్టదు, నశింపదు, ఒకచోటినుండి మరియొకచోటికి పోవును అంతేననియు ఆనాడు పెక్కుమంది నమ్ముచుండిరి. జూల్ ఒక చిన్న విద్యుదయస్కాంతమును నీరు నింపిన గాజు గొట్టములో నుంచి, దానిని గొప్ప అయస్కాంత ధ్రువముల నడుమ గిరగిర త్రిప్పెను. నీటి ఉష్ణోగ్రత కొద్దిగా, డిగ్రీలో కొంత భాగము మాత్రమే, పెరిగెను. ఆ కొద్దిని ఓపికతో కొలిచి, త్రిప్పుటకు ఖర్చయిన పనితో సరిపోల్చెను. మంట లేదు, వేడిమి మరియొకచోటినుండి తరలి వచ్చుటకు తావు లేదు. అయినను నీరు వెచ్చబడెను. కనుక వేడిమి పుట్టినదే. ఆ సంవత్సరము ఆగస్టులో ఐర్లండులోని కార్క్ నగరమున జరిగిన శాస్త్రజ్ఞుల సభలో అతడు దీనిని చదివినపుడు వినినవారు అంతగా పట్టించుకొనలేదు.

జూల్ ఉద్దేశము వంట కాదు. కాని ప్రేరిత విద్యుత్తుతో నీరు కాచి, ఎంత పనికి ఎంత వేడిమి పుట్టునో లెక్కగట్టిన మొదటి ప్రయోగములలో అది యొకటి. ఇండక్షను పొయ్యిపై ఎసరు కాగునపుడు జరుగునది ఇదియే. తేడా పరిమాణములో మాత్రమే.

ఆపై నలుబది సంవత్సరములకు సుడి ప్రవాహములు ఇంజనీర్లకు పగవారైనవి. 1880 దశాబ్దిలో ఏకాంతర విద్యుత్తును ఊరూర పంచుటకు ట్రాన్స్‌ఫార్మర్లు వచ్చినవి. వాని నడుమ ఇనుప దిమ్మ ఉండవలెను. దిమ్మ ఏకఖండమైనచో అందు సుడి ప్రవాహములు విజృంభించి అది కాలిపోవును. ఇండ్లకు చేరవలసిన విద్యుత్తు ఇనుమును కాచుటకే సరిపోవును. అందుచే ఇనుమును పలుచని రేకులుగా తీసి, ఒక్కొక్క రేకునకు పూత పూసి, దొంతరగా పేర్చిరి. సుడులు తిరుగుటకు చోటు లేకపోయినది. రేకుల ఇనుములో కొంచెము సిలికాను కలిపి దాని నిరోధమును పెంచిరి. వీధి చివర స్తంభముపై నున్న ట్రాన్స్‌ఫార్మరులో నేటికిని ఇట్టి రేకులే కలవు. తరతరముల ఇంజనీర్లు ఈ వేడిమిని తగ్గించుటయే తమ నేర్పుగా భావించిరి. దానిని కావలెనని పుట్టించుట కొద్దిమందికే తోచినది.

తోచినవారు మొదట లోహములు కరగించువారు. ఇంగ్లండులో ఫెర్రాంటి 1887లో ప్రేరణతో పనిచేయు కొలిమికి పేటెంటు పొందెను. స్వీడనులోని గీసింగె గ్రామమున కెలిన్ 1900లో అట్టి కొలిమిలో ఉక్కును కరగించెను. అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన నార్త్రప్ 1916 ప్రాంతమున అధిక పౌనఃపున్యము గల విద్యుత్తును వాడి, నడుమ ఇనుప దిమ్మ అక్కరలేని కొలిమిని నిర్మించెను. మూసలోని లోహము కరగి కుతకుత లాడుచుండగా చుట్టునున్న తీగచుట్ట నీటి గొట్టములచే చల్లగా నుండెడిది. వంటకు వలసిన భౌతికశాస్త్రమంతయు ఈ కొలిమిలో కలదు. కాని దానికి విద్యుత్తు సరఫరా చేయు యంత్రము గది నిండ నుండును, వంటయింట పట్టదు.

ఈలోగా వంటయింటికి విద్యుత్తు వేరొక దారిని వచ్చినది. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో విద్యుత్ వంటయిల్లు ఒకటి చూపిరి. ఆనాటి తీగలు కొద్దికాలమునకే కాలి తెగిపోవుచుండెను. ఆల్బర్ట్ మార్ష్ నికెలు, క్రోమియములను కలిపి చేసిన నిక్రోము అను మిశ్రలోహమునకు 1906లో పేటెంటు లభించినది. అది ఎర్రగా కాలినను త్రుప్పు పట్టదు, తెగదు. దానితో విద్యుత్ కుంపటి చౌకయైనది. అంత సులువైన వస్తువు చేతికి రాగా ప్రేరణ జోలికి పోవలసిన అగత్యము ఎవరికిని కనిపించలేదు.

అగత్యము లేకపోవుట ఒకటి, సాధ్యము కాకపోవుట మరియొకటి. ఇంటికి వచ్చు విద్యుత్తు మన దేశమున సెకనుకు 50 మారులు, అమెరికాలో 60 మారులు ఊగిసలాడును. దానిని ఉన్నదున్నట్లు గిన్నె క్రిందనున్న చుట్టలోనికి పంపినచో ఏమగును? ప్రేరిత విద్యుచ్చాలక బలము క్షేత్రము మారు వేగమును బట్టి యుండును. 50 మారులు చాల నెమ్మది. కావలసినంత వేడిమి రావలెనన్నచో చుట్టయు, దాని ఇనుమును మోయలేనంత బరువగును. గిన్నె ఆ ఊపునకు గణగణమని వణకి చెవులు చిల్లులు పడును. మారు వేగమును సెకనుకు 20,000 మారులకు పైగా పెంచవలెను. అప్పుడు చుట్ట చిన్నదగును. ఆ పౌనఃపున్యము మానవుని చెవికి వినరాదు.

పౌనఃపున్యము పెరిగినపుడు జరుగు మరియొక సంగతి ఈ పొయ్యికి ఆయువుపట్టు వంటిది. వేగముగా మారు విద్యుత్తు లోహమునందంతటను పారదు, ఉపరితలమునే అంటిపెట్టుకొని పారును. సెకనుకు 50 మారులైనచో రాగిలో సుమారు 9 మిల్లీమీటర్ల లోతునకు దిగును. 25,000 మారులైనచో 0.4 మిల్లీమీటరు మాత్రమే. అయస్కాంతమునకు అంటుకొను ఉక్కులో ఇంకను పలుచన, 0.2 మిల్లీమీటరునకు లోపు. దారి ఇరుకైనకొలది నిరోధము హెచ్చును; నిరోధము హెచ్చినకొలది వేడిమి హెచ్చును. లెక్క వేసి చూచినచో ఉక్కు అడుగునందు ఈ నిరోధము రాగి అడుగున కన్న అనేక పదుల రెట్లు ఎక్కువగా తేలును. దీనికి తోడు అయస్కాంత క్షేత్రము క్షణక్షణము తిరుగబడుటచే ఉక్కులోని అయస్కాంత కణికలు అటునిటు మరలుచు కొంత వేడిమి నిచ్చును. అది అసలు వేడిమిలో చిన్న భాగము.

ఇదే గుణము పొయ్యిలోని చుట్టను సైతము కాల్చివేయగలదు. అందుచే చుట్టకు ఒకే లావు తీగ వాడరు. వెంట్రుకలవంటి సన్నని రాగి తీగలకు విడివిడిగా పూత పూసి, పెక్కింటిని కలిపి జడవలె అల్లుదురు.

ఇక మిగిలినది సెకనుకు ఇరువది వేల మారులకు పైగా విద్యుత్తును త్రిప్పగల మీట. ఇనుప మీటలకు అది అసాధ్యము. వాక్యూం గొట్టములతో సాధ్యమే గాని అవి వెలగలవి, పెళుసైనవి. ట్రాన్సిస్టర్ల యుగము వచ్చువరకు పొయ్యి వేచియుండవలసి వచ్చినది.

అమెరికాలోని పిట్స్‌బర్గు చెంత వెస్టింగ్‌హౌస్ సంస్థ పరిశోధనాలయము ఉండెను. అక్కడివారు ఈ సమస్యను విప్పిన తీరు ముచ్చటైనది. వంటకు తగిన మీట కొరకు వెదకుచు వారు మోటారుకార్ల వైపు చూచిరి. కార్లలో పెట్రోలును రగిల్చు నిప్పురవ్వ కొరకు తయారైన ట్రాన్సిస్టర్లు అప్పటికే బజారులో నుండెను. ఒక్కటి చాలదు కనుక కొన్నింటిని ప్రక్కప్రక్కన చేర్చి, సెకనుకు సుమారు 25,000 మారులు విద్యుత్తును త్రిప్పిరి. 1971లో టెక్సస్ రాష్ట్రమందలి హూస్టను నగరమున ఇండ్లు కట్టువారి మహాసభ జరిగినది. ఆ సభలోని ప్రదర్శనలో ఒంటి పొయ్యి ఒకటి నిలిపి దానికి ‘కూల్ టాప్’ అని పేరు పెట్టిరి. చల్లని పైపలక యని అర్థము.

పిదప నాలుగు పొయ్యిల పీట ఒకటి తయారుచేసిరి. ఒక్కొక్క పొయ్యి సుమారు 1,600 వాట్లు. పైన పైరోసెరాం అను పింగాణి పలక. వేడిమి హెచ్చుతగ్గులు చేయుటకు పలకను తొలిచి మీటలు దిగగొట్టలేదు. చట్రముపై జారు చిన్న అయస్కాంతముల నమర్చిరి. వాని కదలికను పలక క్రిందనున్న భాగములు గ్రహించును. పలకపై పాలు పొంగినను రంధ్రము లేదు కనుక లోనికి దిగదు. గిన్నె లేకున్నను, తగని లోహపు గిన్నె పెట్టినను పొయ్యి తనంతట తానే ఆగును. నేటి పొయ్యిలలో నున్న సౌకర్యములు పెక్కు అందు ఆనాడే కలవు.

వెల 1,500 డాలర్లు. ఆనాటి మామూలు విద్యుత్ పొయ్యికన్న ఎన్నో రెట్లు. ఆ వెలలోనే ప్రత్యేకముగా చేయించిన గిన్నెల జత ఒకటి కలదు: వెలుపల స్టెయిన్‌లెస్ ఉక్కు, దాని లోపల మామూలు ఉక్కు, ఆపై అల్యూమినియము, లోపలివైపు మరల స్టెయిన్‌లెస్ ఉక్కు — నాలుగు పొరలు. ఉక్కు వేడిమిని పుట్టించును, అల్యూమినియము దానిని అడుగంతటను సమముగా పరచును. ఎవరి ఇంటనున్న గిన్నెలు ఈ పొయ్యికి పనికివచ్చునో, రావో తెలియదు కనుక గిన్నెలను కూడ అమ్మవలసి వచ్చినది. 1973 నుండి 1975 వరకు కొన్ని వందల పొయ్యిలు మాత్రమే తయారైనవి. వెస్టింగ్‌హౌస్ తన గృహోపకరణ విభాగమును మరియొక సంస్థకు అమ్మివేయుటతో అదియు ఆగినది. యంత్రము చెడి ఆగలేదు. 1,600 వాట్లను సెకనుకు వేల మారులు త్రిప్పగల చౌక మీట లేకపోవుటచే ఆ వెల తగ్గు దారి కనబడలేదు.

ఆ మీట చరిత్రలో మదరాసు నగరమునకును ఒక పాలు కలదు. 1948లో అక్కడ జన్మించి, అక్కడి ఐ.ఐ.టి.లో 1969లో పట్టము పొందిన జయంత్ బాలిగ పై చదువులకు అమెరికా వెళ్లి, న్యూయార్కు రాష్ట్రమందలి జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ పరిశోధనాలయములో చేరెను. అప్పటికి శక్తివంతములైన ట్రాన్సిస్టర్లు రెండు జాతులుగా నుండెను. ఒక జాతి పెద్ద ప్రవాహమును తేలికగా మోయును; కాని దానిని నడుపుటకు చాల ప్రవాహమును మేపుచుండవలెను. రెండవ జాతికి కొద్ది ఓల్టుల సంకేతము చాలును. కాని ఎక్కువ ఓల్టుల వద్ద అది మోయు ప్రవాహము తక్కువ. ఈ రెంటిని ఒకే సిలికాను ముక్కలో కలిపిన సాధనమును బాలిగ 1982లో శాస్త్రజ్ఞుల సభ ముందుంచెను. ఇదే కోవలో ఇతరులును కృషిచేసిరి, అమెరికాలోని ఆర్.సి.ఏ. సంస్థవారికి పేటెంటు లభించినది, జపానులో టోషిబావారు దానిలోని లోపములను సవరించిరి. ఇప్పుడు దానిని ఐ.జి.బి.టి. అందురు. రైలింజన్లలోను, విద్యుత్ కార్లలోను, పల్లెలో అమ్ము చౌక ఇండక్షను పొయ్యిలోను ఉన్నది ఈ జాతి మీటయే. బాలిగకు 2024లో ఫిన్లండు దేశపు మిలీనియం టెక్నాలజీ బహుమతి లభించినది.

మీట చౌకగా దొరకగా జపాను ముందంజ వేసినది. 1988లో మత్సుషిత సంస్థ అన్నము వండు కుక్కరులో ప్రేరణను ప్రవేశపెట్టినది. కుక్కరుతో పాటే గిన్నె వచ్చును కనుక గిన్నె తగునా తగదా అను బెంగ లేదు. ఈ చిన్న ఉపాయము వెస్టింగ్‌హౌస్‌వారి నాలుగు పొరల గిన్నెలకు వారసత్వమే.

గిన్నెల చిక్కు తెలుగు ఇండ్లలో ఇంకను ఎక్కువ. అల్యూమినియపు గిన్నె, ఇత్తడి గుండిగ, రాగి చెంబు వేడెక్కవు. వాని నిరోధము తక్కువ. మట్టి కుండ, రాచ్చిప్ప అసలే వాహకములు కావు. ఇనుప పెనము, పోతయినుప మూకుడు భేషుగా పనిచేయును. అయితే మూకుడు అడుగు చదునుగా నుండవలెను. గుండ్రని అడుగైనచో నడుమ మాత్రమే చుట్టకు దగ్గరగా నుండును, అంచులకు క్షేత్రము బలముగా చేరదు. మోసము చేయునది స్టెయిన్‌లెస్ స్టీలు. చూచుటకు అన్నియు ఒక్కటియే. నికెలు ఎక్కువగా కలిసిన జాతి అయస్కాంతమునకు అంటుకొనదు. నికెలు లేని జాతి అంటుకొనును. అంటుకొనిన గిన్నెయే పొయ్యికి పనికివచ్చును. పాఠశాల ప్రయోగశాలలోని చిన్న అయస్కాంతమును ఇంటికి గొనిపోయి గిన్నెలను రెండు రాసులుగా విడదీయుట విద్యార్థులకు ఒక మంచి పాఠము. అన్ని లోహములను కాచగల పొయ్యిలు ఇంకను హెచ్చు పౌనఃపున్యముతో జపానులో 2000 తరువాత వచ్చినవి, అవి వెలగలవి.

అడుగు ఏ లోహమైనను వంకాయను కాల్చి పచ్చడి చేయుట, పుల్కాను మంటపై పొంగించుట, అప్పడమును నిప్పుపై కాల్చుట ఈ పొయ్యికి చేతకావు. నిప్పు లేని పొయ్యికి ఈ లోపము సహజమే.

కొనువారిని తికమక పెట్టునది శాతముల లెక్క. అమెరికాలో జరిగిన పరీక్షలలో ఇండక్షను పొయ్యి తాను తీసికొనిన శక్తిలో సుమారు మూడు వంతుల పాతిక నుండి 85 శాతము వరకు గిన్నెకు చేర్చగా, గ్యాసు పొయ్యి మూడవ వంతు నుండి 40 శాతము వరకు మాత్రమే చేర్చినది. మన దేశపు ప్రమాణము గ్యాసు పొయ్యికి కనీసము 68 శాతము ఉండవలెనని శాసించుచున్నది. రెండును నిజమే, పొయ్యిలు వేరు, పరీక్షించు పద్ధతులు వేరు. ఒక పరీక్షలోని గెలుపును మరియొక పరీక్షలోని ఓటమితో పోల్చి ప్రకటించుట అంగడివారి పని, శాస్త్రము కాదు.

లెక్క ఇంట వేసికొనవచ్చును. 14.2 కిలోల గ్యాసు సిలిండరులో కిలోకు సుమారు 46 మెగాజౌళ్ల చొప్పున 650 మెగాజౌళ్ల శక్తి కలదు. అందు 65 శాతము గిన్నెకు చేరునని కొన్నచో 425. విద్యుత్తు ఒక యూనిట్టు 3.6 మెగాజౌళ్లు; ఇండక్షను పొయ్యిలో 80 శాతము చేరునని కొన్నచో 2.9. కనుక ఒక సిలిండరు చేయు వంటకు సుమారు 150 యూనిట్లు కావలెను. ఈ సంఖ్యను తమ ఊరి యూనిట్టు ధరతో హెచ్చవేసి, సిలిండరు ధర ప్రక్కన పెట్టి చూచుకొనవచ్చును. వాడుక పెరిగినకొలది యూనిట్టు ధర మెట్లుమెట్లుగా పెరుగునన్న సంగతి మరువరాదు. మరియొక సంగతి: బొగ్గును మండించు విద్యుత్కేంద్రములో బొగ్గు వేడిమిలో సుమారు మూడవ వంతు మాత్రమే విద్యుత్తగును. ఇంటిలో పొగ లేదన్నంత మాత్రమున ఎక్కడను పొగ లేదని కాదు.

పొయ్యి కొనిన దినముననే ఎదురగు ప్రశ్న దానిని ఎచట తగిలించుట. 2,000 వాట్ల పొయ్యి 230 ఓల్టుల వద్ద 8.7 ఆంపియర్ల ప్రవాహమును తీసికొనును. దానిపై 30 డిగ్రీల నీరు ఒక లీటరు మరుగుటకు 293 కిలోజౌళ్లు కావలెను. 85 శాతము గిన్నెకు చేరునని కొన్నచో 172 సెకనులు, అనగా మూడు నిమిషములకు కొంచెము తక్కువ. ఇది సంతోషించదగినదే. కాని ఆ 8.7 ఆంపియర్లు గోడలోని తీగలో కూడ పారవలెను. దీపములకు, పంకాలకు అమర్చిన పాత ప్లగ్గులు 5 ఆంపియర్లకు ఉద్దేశించినవి. జూల్ 1840 ప్రాంతమున కనుగొనిన మరియొక నియమము ఇచట అక్కరకు వచ్చును: తీగలో పుట్టు వేడిమి ప్రవాహపు వర్గమును బట్టి యుండును. 5 బదులు 8.7 పారినచో వేడిమి రెట్టింపునకు కాక మూడు రెట్లకు పెరుగును. గిన్నెలో పుట్టవలసిన వేడిమి గోడలో పుట్టుట మొదలిడును. సన్నని ఎక్స్‌టెన్షను తీగతో, మూడు మొనల ప్లగ్గును రెండు రంధ్రములలో దూర్చు ఉపాయములతో ఈ పొయ్యిని నడుపుట నిప్పుతో చెలగాటమే. వంటయింట 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, దానికి మీటరు పెట్టెనుండి విడిగా తగినంత లావు రాగి తీగ, సరియైన ఎర్తు ఉండవలెను. గోడ పగులగొట్టవలసి వచ్చినచో దాని ఖర్చును పొయ్యి వెలతో కలిపి చూచుకొనుట తెలివి. ఒకే పవర్ ప్లగ్గున్న ఇంట గ్రైండరు, ఇస్త్రీపెట్టె, పొయ్యి దానికై పోటీపడుట మామూలు దృశ్యము.

అమెరికాలో ఈ చిక్కు మరింత పెద్దది. అచటి మామూలు ప్లగ్గు 120 ఓల్టులది. నాలుగు పొయ్యిలు, క్రింద ఓవెను గల పెద్ద పొయ్యికి 240 ఓల్టుల వద్ద 40 లేక 50 ఆంపియర్లు మోయు ప్రత్యేక తీగ కావలెను. పూర్వమునుండి విద్యుత్ పొయ్యి ఉన్న ఇండ్లలో ఆ తీగ సిద్ధముగా నుండును. పాతది తీసి క్రొత్తది తగిలించినచో సరి. గ్యాసు పొయ్యి ఉన్న ఇంట గ్యాసు గొట్టమునకు బిరడా బిగింపవలెను, క్రొత్త తీగ లాగవలెను, ఒక్కొక్కచో ఇంటికి వచ్చు విద్యుత్తు మొత్తమునే పెంపుచేయవలెను. అందుచే 2020 తరువాత కొందరు తయారీదారులు పొయ్యిలోనే ఒక బ్యాటరీని పెట్టిరి. అది మామూలు ప్లగ్గునుండి నెమ్మదిగా శక్తిని నింపుకొని, వంట వేళ ఒక్కసారిగా ఇచ్చును.

మన దేశమున 20 లక్షల ఇండక్షను పొయ్యిలను ఇండ్లకు చేర్చు పథకమును ప్రభుత్వరంగ సంస్థయైన ఇ.ఇ.యస్.ఎల్. 2023లో ప్రకటించినది. ఇక్కడి ఒంటి పొయ్యికి బ్యాటరీ లేదు. కరెంటు పోయినచో ఎసరు సగము కాగి ఆగును. ఇండక్షను పొయ్యి కొనిన ఇండ్లలో పెక్కింట గ్యాసు పొయ్యి గట్టుమీదనే ఉన్నది. ఉదయము పాలు, కాఫీ ఒకదానిపైనను, వంకాయ కాల్చుట రెండవదానిపైనను జరుగుచున్నవి.